జీపీఏ 3.08 అయితే మెడిసిన్ ఆశ వదులుకోవాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

గత నెల మీ ప్రవాసుల పేజీలో అమెరికాలో ఉంటున్న ఒక తండ్రి ప్రశ్న వచ్చింది. పాపకు డిగ్రీలో జీపీఏ (4కి లెక్కించే గ్రేడ్ల సగటు) 3.2 వచ్చింది, మెడికల్ కాలేజీలో సీటు దొరుకుతుందా అని. జవాబిచ్చిన నిపుణులు నాలుగు లైన్లలో తేల్చేశారు: 3.7 లేకపోతే కష్టం, కరీబియన్ దీవుల్లో చూసుకోండి, లేదంటే వేరే కోర్సు. 3.7 అన్నది అబద్ధమేం కాదు. ఎండీ కాలేజీల్లో చేరుతున్నవాళ్ల సగటు జీపీఏ ఇప్పుడు 3.75 దాటింది, మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ సగటు 511 దాటింది. (ఇక్కడి ఎండీ మన ఎంబీబీఎస్ లాంటిది. తెనాలిలో ఈ మాట చెబితే "అప్పుడే పీజీ కూడానా" అంటారు.) కానీ సగటు అంటే కటాఫ్ కాదు కదా. మా అమ్మాయి 3.08తో డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పుడు మెడిసిన్ మొదటి ఏడాది చదువుతోంది. మధ్యలో ఏం జరిగిందో ఆ తండ్రికి చెబుదామని ఈ ఉత్తరం.

మాది తెనాలి దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్లుగా ఒహైయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పక్కవాళ్ల తప్పులు వెతకడమే పని. ఇంట్లో జరిగిన మొదటి తప్పు మాత్రం నాదే. 2018లో అమ్మాయి డిగ్రీలో చేరినప్పుడు మొదటి సెమిస్టర్‌లోనే 18 క్రెడిట్లు పట్టించాను. మామూలుగా 15 తీసుకుంటారు. మూడు ఎక్కువ తీసుకుంటూ పోతే ఒక సెమిస్టర్ ఫీజు మిగులుతుందని నా లెక్క. కెమిస్ట్రీలో సీ, కాల్క్యులస్‌లో సీ ప్లస్ వచ్చాయి. దాంతో పిల్ల బెదిరిపోయింది. రెండో ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ మైనస్. ఫీజూ మిగల్లేదు, నాలుగేళ్లూ పట్టింది.

రెండో తప్పు ఇద్దరిదీ. 2021లో, మూడో ఏడాది అవగానే, అప్లై చేసేశాం. ఎంక్యాట్‌లో 501 వచ్చింది. ఆ పరీక్షలో మార్కులు 472 నుంచి 528 దాకా ఉంటాయి, 500 సరిగ్గా మధ్యలో. ఇక్కడ చాలా ఎండీ కాలేజీలకు ఆమ్‌క్యాస్ అని ఒకటే ఉమ్మడి దరఖాస్తు. మే నెలలో తెరుస్తారు, మే చివర్లోనో జూన్ మొదట్లోనో పంపొచ్చు. వచ్చినవి వచ్చినట్టు చూసి, ఇంటర్వ్యూలకు పిలిచి, సీట్లు ఇచ్చుకుంటూ పోతారు. మేం సెప్టెంబర్‌లో పంపాం. బస్సు సగం నిండాక పరిగెత్తి ఎక్కినట్టు. ఇరవై కాలేజీలు. మొదటి కాలేజీకి 170 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 40 పైన, మళ్లీ ఆ కాలేజీలు అడిగే రెండో విడత వ్యాసాలకు విడిగా ఫీజు. మొత్తం రెండున్నర వేల డాలర్లు దాటింది. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. "ఈసారి చూద్దాం, పోయేదేముంది" అన్నది నేనే. మళ్లీ అప్లై చేసేటప్పుడు చాలా కాలేజీలు పాత దరఖాస్తు తర్వాత ఏం మారిందని అడుగుతాయి. పోయింది డబ్బు ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

మనం నీట్‌కి అలవాటు పడిపోయిన మనుషులం. ఒక్క రోజు, 720 మార్కులు, ఒక ర్యాంకు, కౌన్సెలింగ్. ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్. అందుకే జీపీఏని కూడా ర్యాంకులాగే చూస్తాం, 3.08 అనగానే లిస్టు మూసేసినట్టు అనిపిస్తుంది. 2022 మే నెలలో, డిగ్రీ అయిన వారమే, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఎక్సెల్ షీట్ వేశాను. 124 క్రెడిట్లకు 3.08. ఇంకో 30 క్రెడిట్లు చదివి అన్నిట్లో ఏ తెచ్చుకుంటే? 3.26. పోనీ 60 చదివితే? 3.38. అమ్మాయి నా వెనక నిలబడి చూసి, ఏమీ అనకుండా పైకి వెళ్లిపోయింది.

ఆ షీటు పట్టుకుని మర్నాడు ఆమె కాలేజీలోని ప్రీమెడ్ (మెడిసిన్‌కి వెళ్లాలనుకునే పిల్లల) సలహాదారు దగ్గరికి వెళ్లాం. ఆవిడ నా షీటు పక్కన పెట్టి ఆమ్‌క్యాస్ లెక్క ఎలా చూపిస్తుందో ఒక కాగితం మీద గీసింది. మొదటి ఏడాది ఒక వరస, రెండో ఏడాది ఒక వరస, అలా నాలుగు. డిగ్రీ అయ్యాక చదివినవాటికి ఇంకో వరస. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు కలిపి ఒక నిలువు గడి, మిగతావి ఇంకో గడి. "మీరు అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూస్తున్నారు. దరఖాస్తు చదివేవాళ్లు పైనుంచి కిందికి చూస్తారు" అంది. 2.7తో మొదలై, చివరి 30, 40 క్రెడిట్లు కష్టమైన సైన్స్ సబ్జెక్టుల్లో 3.9 ఉంటే దాన్ని విడిగా లెక్కలోకి తీసుకునే కాలేజీలు ఉన్నాయట. అన్నీ కాదు. కొన్ని మొత్తం జీపీఏకి గీత పెట్టి కంప్యూటర్‌తోనే వడకడతాయి. ఏది ఏ రకమో ముందే కనుక్కోవాలని చెప్పింది.

ఇక్కడే మన వాట్సాప్ గ్రూపుల సలహా ఒకటి. "తక్కువొచ్చిన సబ్జెక్టు మళ్లీ చదివితే పాత గ్రేడు పోతుంది, డీవో కాలేజీలు అలా ఒప్పుకుంటాయి" అని ఇప్పటికీ తిరుగుతోంది. (డీవో అంటే ఎండీ కాకుండా ఇక్కడ డాక్టరయ్యే ఇంకో డిగ్రీ, కింద చెబుతాను.) డీవో దరఖాస్తులో అలా ఉన్నమాట నిజమే, కానీ 2017లో తీసేశారు. ఇప్పుడు ఎండీకైనా డీవోకైనా రెండు గ్రేడ్లూ లెక్కేస్తారు. అమ్మాయి సీ మైనస్ వచ్చిన ఆర్గానిక్ ఒక్కటే మళ్లీ చదివింది, ఎందుకంటే చాలా కాలేజీలు తప్పనిసరి సబ్జెక్టుల్లో సీ కంటే తక్కువ ఉంటే ఒప్పుకోవు. సీ వచ్చినవి ముట్టుకోలేదు. వాటి బదులు పై సబ్జెక్టులు తీసుకుంది: బయోకెమిస్ట్రీ, సెల్ బయాలజీ, ఫిజియాలజీ, జెనెటిక్స్, ఇమ్యునాలజీ. రెండేళ్లలో 32 క్రెడిట్లు, 3.9. మొత్తం కలిపితే 3.25 అయింది. నా ఎక్సెల్ తప్పు చెప్పలేదు, నేను చూసిన గడి తప్పు.

ఏడాది పాటు మెడికల్ కాలేజీ స్థాయి సబ్జెక్టులు చెప్పే ప్రత్యేక మాస్టర్స్ కోర్సులు కూడా ఉన్నాయి. మేం వెళ్లలేదు. ఫీజు ఎక్కువ, ఆ గ్రేడ్లు డిగ్రీ జీపీఏలో కలవవు, అక్కడా తడబడితే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. డిగ్రీ అయ్యాక ఇంటి నుంచే వెళ్లి స్టేట్ యూనివర్సిటీలో చదవడం మాకు కుదిరింది.

ఎంక్యాట్ సంగతి. మొదటిసారి ఆమెకు దెబ్బకొట్టింది కెమిస్ట్రీ కాదు, కార్స్ అనే చదివి అర్థం చేసుకునే విభాగం. రెండోసారి కోచింగ్‌కి పంపలేదు. శనివారం పొద్దున ఎనిమిదికి లైబ్రరీలో కూర్చుని అసలు పరీక్షలాగే, అవే విరామాలతో, ఏడున్నర గంటలు పూర్తి నమూనా పరీక్ష రాసేది. ఆదివారం ఒక నోటుపుస్తకంలో తప్పయిన ప్రతి ప్రశ్నకూ ఒక్క వాక్యం. "తెలియదు" అని రాయకూడదని తనే నియమం పెట్టుకుంది. "రచయిత చెప్పనిది నేను ఊహించుకున్నా", "రెండో పేరా చదవకుండా దాటేశా", ఇలా. మూడు నెలల తర్వాత పుస్తకం తిప్పితే సగం తప్పులు ఒకటే రకం: తనకు తెలిసిన విషయం వస్తే అక్కడ రాసింది చదవడం మానేస్తోంది. 2024 వసంతంలో 511 వచ్చింది. ఈ పరీక్ష ఏడాదిలో 3 సార్లు, వరసగా రెండేళ్లలో 4, జీవితంలో 7 సార్లే రాయనిస్తారు. అన్ని స్కోర్లూ కాలేజీలకు కనిపిస్తాయి. ఊరికే రాసి చూద్దాం అనుకునే పరీక్ష కాదు.

ఆ రెండేళ్లూ పని కూడా చేసింది. ఒహైయోలో 75 గంటల శిక్షణ తీసుకుని పరీక్ష పాసైతే నర్సింగ్ హోంలో సహాయకురాలిగా చేరొచ్చు. ఇక్కడ నర్సింగ్ హోం అంటే మన దగ్గరలా ప్రైవేటు ఆసుపత్రి కాదు, ముసలివాళ్లు ఉండే చోటు. స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం, తినిపించడం. తెనాలి నుంచి మా మేనత్త ఫోన్‌లో, "డాక్టరు చదువుతోందన్నావు, ఆయా పని చేయిస్తున్నావేంట్రా?" అని అడిగింది. నిజం చెప్పాలంటే నాకూ నామోషీగానే ఉండేది. గుడిలో ఎవరైనా అడిగితే "హాస్పిటల్లో చేస్తోంది" అని సర్దేసేవాణ్ని.

అక్కడ ఒక పెద్దాయన పొద్దున ఏం పెట్టినా వద్దనేవాడట. తిండికి నిరాకరిస్తున్నాడని రోజూ రాసేవాళ్లు. చెవి మిషన్ రాత్రి తీసి సొరుగులో పెడతారు, మళ్లీ టిఫిన్లయ్యాకే పెడతారు. ఏమడుగుతున్నారో వినపడక ఆయన అన్నిటికీ తల అడ్డంగా ఊపేస్తున్నాడు. అమ్మాయి ఒకరోజు ముందు మిషన్ పెట్టి, తర్వాత ట్రే తెచ్చింది. ఓట్‌మీల్‌లో బ్రౌన్ షుగర్ ఇంకాస్త వెయ్యమన్నాడట. దరఖాస్తులో మెడిసిన్ ఎందుకు అనే వ్యాసానికి 5,300 అక్షరాల జాగా ఇస్తారు. మొదటిసారి వ్యాసం "చిన్నప్పటి నుంచీ డాక్టర్ కావాలని" అని మొదలైంది, అందులో నా చెయ్యి ఉంది. రెండోసారిది ఆ సొరుగుతో మొదలైంది. నాకు చూపించలేదు, పంపేశాక చదివాను.

2024 జూన్ మొదటి వారంలో పంపింది. 12 ఎండీ కాలేజీలు, 10 డీవో కాలేజీలు. ఒహైయోవాళ్లకు ప్రాధాన్యం ఇచ్చేవి ముందు పెట్టింది. సిఫారసు లేఖ ఈసారి మూడొందల మంది క్లాసు ప్రొఫెసర్‌ది కాదు, బయోకెమిస్ట్రీలో రెండు సెమిస్టర్లు ఆమెను దగ్గరగా చూసిన ఆయనది. మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. ఒక ఎండీ కాలేజీ వెయిట్‌లిస్టులో పెట్టి చివరికి లేదంది. రెండు డీవో కాలేజీలు సీటు ఇచ్చాయి.

డీవో అనగానే మావాళ్లు "హోమియోపతియా?" అన్నారు. కాదు. ఆస్టియోపతిక్ మెడిసిన్. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టర్ 1892లో మిస్సోరీలో మొదలుపెట్టిన బడి నుంచి వచ్చింది. ఎముకలు, కండరాలను చేత్తో సరిచేసే పద్ధతి అదనంగా నేర్పుతారు, మిగతా చదువంతా మామూలు మెడిసినే. 50 రాష్ట్రాల్లోనూ మందులు రాయొచ్చు, సర్జరీ చేయొచ్చు. 2020 నుంచి రెసిడెన్సీలు (మెడిసిన్ అయ్యాక ఆసుపత్రిలో చేసే శిక్షణ) కూడా ఎండీలకూ డీవోలకూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. కొన్ని స్పెషాలిటీల్లో డీవోలకు పోటీ కష్టమన్నది నిజం. అయినా మీ నిపుణులు ఈ మాటే ఎత్తకుండా నేరుగా దీవుల దాకా వెళ్లిపోయారు, నా బాధ అదే.

కరీబియన్ వెళ్లి మంచి డాక్టర్లయినవాళ్లు మా కొలంబస్‌లోనే ఉన్నారు. కానీ బ్రోచర్‌లో "ఇంత శాతానికి రెసిడెన్సీ" అని ఉంటే ఒక్కటి అడగండి: ఆ శాతం మొదటి ఏడాది చేరినవాళ్ల మీదా, చివరిదాకా మిగిలినవాళ్ల మీదా? ఒకప్పుడు డాక్టర్ లైసెన్సుకి రాసే పరీక్షల్లో మొదటిదైన స్టెప్ వన్‌లో పెద్ద స్కోరు తెచ్చి ఎక్కడ చదివినా నిరూపించుకునేవాళ్లు. 2022 జనవరి నుంచి అది పాస్, ఫెయిల్ మాత్రమే. అప్పు సంగతీ మారింది. 2026 జులై 1 నుంచి కొత్తగా మెడిసిన్‌లో చేరేవాళ్లకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలకు మించి రాదు. మిగతాది ఇంట్లోంచో ప్రైవేటు అప్పులోంచో తేవాలి.

ఇంకొకటి. ఆ తండ్రి పాపకు గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉందో లేదో ప్రశ్నలో లేదు. హెచ్ 4 (హెచ్ 1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే జీపీఏ కంటే ముందు అది చూసుకోవాలి, చాలా కాలేజీలు వాళ్ల దరఖాస్తే తీసుకోవు.

ఇంటర్వ్యూలో మొదటి ఏడాది గ్రేడ్ల గురించి అడిగారట. మా నాన్న ఎక్కువ పట్టించాడని చెప్పిందేమోనని నాకు టెన్షన్. "మోయగలిగినదానికంటే ఎక్కువ తీసుకున్నానని చెప్పాను" అంది, నా వంక చూడకుండా.

నా ఎక్సెల్ షీటు ఆ తండ్రికి పనికొస్తుందనుకుంటే మీ కార్యాలయం ద్వారా పంపుతాను, తన పాప గ్రేడ్లు వేసుకుంటే సరిపోతుంది. మొదటి సెమిస్టర్ దగ్గర 18 అని ఉన్న గడి ఎర్రగా ఉంటుంది. ఆ రంగు తీసెయ్ నాన్నా అని అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నేను తియ్యలేదు.

ఇట్లు
ఒక తండ్రి, కొలంబస్, ఒహైయో
(అమ్మాయి కోరిక మీద పేరు ప్రచురించవద్దని మనవి)