ఆ ప్రశ్నార్థకాల సంగతి

నెల్లూరు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కుప్పకూలినప్పుడు తెర మీద పడే ఫంక్షన్ల వరుసలో కొన్ని పేర్ల ముందు ప్రశ్నార్థకం ఎందుకు ఉంటుందని అడిగావు. ఇంత మంచి ప్రశ్న వేసి ‘తీరిక ఉంటేనే రాయి’ అంటావేమిటిరా! ఈ మధ్య నేను రాత్రిళ్లు కూర్చుని చదువుతున్నది సరిగ్గా అదే.

ఆ ఫంక్షన్ చిరునామా స్టాక్‌లో (ఫంక్షన్ల పిలుపుల లెక్క దాచుకునే జ్ఞాపకంలో) కనబడింది గానీ, నిజంగా ఆ దారినే వచ్చామని అన్‌వైండర్, అంటే స్టాక్ చదివి వచ్చిన దారిని వెనక్కి పట్టే కోడ్, పూచీ పడలేకపోతోందని ఆ గుర్తుకు అర్థం. ఎప్పుడో ముగిసిన పిలుపు తాలూకు మిగులు కూడా కావచ్చు. అందుకని మొదటిసారి చదివేటప్పుడు ఆ వరుసలు వదిలేసి చదువు.

మరి పూచీ ఎక్కడి నుంచి వస్తుంది? సీ భాషలో రాసిన భాగానికి, ఏ ఆదేశం దగ్గర స్టాక్ ఎంత లోతున ఉందో కంపైలరే పట్టిక రాసి పెడుతుంది. ప్రాసెసర్ ఆదేశాలను నేరుగా రాసే అసెంబ్లీ భాషకు ఆ భాగ్యం లేదు, మనిషే రాయాలి. లినక్స్‌లో 2015 దాకా అలాగే రాశారు. 64-బిట్ x86 ప్రాసెసర్‌లో ఒక రిజిస్టర్‌ను (లోపలి చిన్న గదిని) పుష్ చేస్తే, అంటే దాని విలువను స్టాక్ మీద పెడితే, స్టాక్ 8 బైట్లు దిగుతుంది. వెంటనే ‘8 కలుపుకో’ అని డీబగ్ సమాచారానికి ఇంకో వరుస. ఈ రెండింటినీ కలిపి చేసే మాక్రోలూ (ఒక్క పేరుతో పిలిచే ఆదేశాల కట్టలు) ఉండేవి. కెర్నల్‌లోకి అడుగుపెట్టే చోట నడిచే ఎంట్రీ కోడ్‌లో పేర్చే రిజిస్టర్ల చట్రం మొత్తం 168 బైట్లు. మధ్యలో ఒక్క పుష్‌కు లెక్క తప్పిందా, ఆ తర్వాత చదివేదంతా 8 బైట్లు పక్కకు జరిగిపోతుంది. అయినా కెర్నల్ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంటుంది! మీ ఒంగోలు పొగాకు వేలంలో బేలు జరిగినా చీటీ పాతచోటే ఉండిపోతే ఎలా ఉంటుందో ఊహించుకో. కొనేవాడు వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

పైగా ఆ సమాచారాన్ని వాడుకోవాల్సిన అన్‌వైండర్‌ను 2006లోనే కెర్నల్ నుంచి తీసేశారు. ఆ వరుసలు మాత్రం దాదాపు తొమ్మిదేళ్లు అలాగే ఉండిపోయాయి, బయటి డీబగర్ల కోసమే. చివరికి కెర్నల్ డెవలపర్ ఇంగో మోల్నార్ వాటన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచేశాడు. నాకు ఎంతో నచ్చిన పని అది. ఆ తర్వాత ఎంట్రీ కోడ్ తెరిచి చూస్తే పుష్ అంటే పుష్, అంతే. ఏ రిజిస్టర్ ఎక్కడ దాచారో కంటికి కనబడుతుంది. కొత్త సౌకర్యం ఏమీ లేదు కదా అని ఇలాంటి పనిని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

లెక్క మనిషి చేతిలోంచి యంత్రం చేతికి మారడం అసలు మలుపు. 2016లో ఆబ్జ్‌టూల్ అనే తనిఖీ పనిముట్టు వచ్చింది. యంత్రభాషలోకి మారి తయారైన ఆబ్జెక్ట్ ఫైలు తెరిచి, ఒక్కొక్క ఆదేశాన్నీ, ప్రతి మలుపునూ వెంబడించి స్టాక్ లెక్క తనే వేస్తుంది. దాని ఆధారంగా జాష్ పోయింబోఫ్ రాసిన ఓఆర్‌సీ అన్‌వైండర్ 2017లో కెర్నల్ 4.14తో చేరింది. పాత డీబగ్ సమాచార పద్ధతి డ్వార్ఫ్ కన్నా పట్టికలకు జాగా ఎక్కువ పడుతుంది గానీ వేగం చాలా ఎక్కువ. ఇంటరప్టు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపే సంకేతం) వచ్చి స్టాకే మారిపోయే చోట్ల మాత్రం మనం ఒక చిన్న సూచన రాయాలి.

తర్వాత జిరి స్లాబీ మాక్రోల పేర్లు సరిచేశాడు, కెర్నల్ 5.5లో. అంతకుముందు ఫంక్షన్‌కైనా, వట్టి లేబుల్‌కైనా ఎక్కువగా ‘ఎంట్రీ’ అనే మాక్రోనే వాడేవారు. ఇప్పుడు సీ నుంచి పిలవదగ్గ ఫంక్షన్‌కు ఒకటి, ఇంటరప్టు ప్రవేశం లాంటి వింత కోడ్‌కు ఒకటి, డేటాకు ఒకటి. దేన్ని ఫంక్షన్‌గా తనిఖీ చేయాలో, దేన్ని చేయకూడదో ఆబ్జ్‌టూల్‌కు దీన్నిబట్టే తెలుస్తుంది. మొదలుపెట్టిన ప్రతిదానికీ ముగింపు కూడా రాయాల్సిందే, లేకపోతే ఆ పేరుకు (సింబల్‌కు) పరిమాణం సున్నా అని నమోదవుతుంది.

నీ యంత్రంలో ఓఆర్‌సీ ఉందా, ఫ్రేమ్ పాయింటర్లా (స్టాక్ చట్రాలను గొలుసులా పట్టుకుని వెనక్కి వెళ్లే పద్ధతి) అన్నది కెర్నల్ కాన్ఫిగ్ ఫైల్లో చూసి రాయి. ఆ కుప్పకూలిన వరుస మొత్తం, కత్తిరించకుండా పంపు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు