పిల్లల హోమ్‌లో కొత్తగా ఉద్యోగానికి చేరిన బిడ్డకు

అనంతపురం

అమ్మీ,

అమ్మ దీవించి రాసేది. ఆ ఆరేళ్ల పాప నిన్ను గిల్లి, "నువ్వు కూడా పోతావులే" అనిందని రాసినావు. అది నీ మీద కోపం కాదు. ఎత్తుకున్నోళ్లంతా దించేసి పోయినారు కాబట్టి, ఈసారి తానే ముందుగా తోసేస్తోంది. నొచ్చుకోవద్దు. గిల్లితే నొప్పి పుడుతుందని చెప్పు. మళ్లీ దాని పక్కనే కూర్చో.

ఇంకో చిన్నది, వచ్చిన ప్రతి మనిషి ఒళ్లోకీ ఎక్కుతుందని మురిసిపోయినావే, నాకు దిగులంతా దాని గురించే. ఎవరైనా ఒకటే అనుకుంటోందంటే, తనది అనుకునే మనిషి ఇంకా దొరకలేదన్నమాట. పుట్టినరోజని కేకు తెచ్చి, పిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగిపోయేవాళ్లు మంచోళ్లే. అయినా ఎత్తుకోవద్దని గట్టిగా చెప్పు.

బిడ్డకు తిండీ బట్టా చాలవు, ఎడతెగకుండా అంటిపెట్టుకుని ఉండే మనిషి కావాలని 1951లోనే ఇంగ్లండు డాక్టరు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చినాడు. పిల్లల సంరక్షణ కోసం చేసిన మన 2015 జువైనల్ జస్టిస్ చట్టం కూడా, వేరే దారి లేనప్పుడే బిడ్డను హోమ్‌లో ఉంచమంటుంది. ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక రాయాలంటుంది. దాంట్లో ఎత్తూ బరువూ రాసి వదిలేయొద్దు. దెబ్బ తగిలితే ఏ ఆయమ్మ దగ్గరికి పరిగెత్తుతుందో, చీకట్లో దేనికి ఉలిక్కిపడుతుందో రాయి. ఆ ఆయమ్మ డ్యూటీ ఊరికే మార్చవద్దని పెద్దమేడాన్ని అడుగు.

దిండు కింద చపాతీలు దాచుకుంటే తిట్టొద్దు తల్లీ. ఒక డబ్బా ఇచ్చి చెనక్కాయ ఉండలు వేసిపెట్టు. ఎప్పుడు చూసినా అందులో ఉంటాయని నమ్మకం కుదరాలి. దానికి నెలలు పట్టొచ్చు.

"నేనే మీ అమ్మను" అని మాత్రం ఎవరితోనూ అనవద్దు. కన్నతల్లి బెంగళూరుకు కూలికి పోయి కనబడకపోయినా, ఆ బిడ్డకు ఆమే అమ్మ. ఆమె గురించి అడిగితే మాట మార్చకుండా, తెలిసినంత చెప్పు.

నిద్రపోతున్నారు కదా అని చెప్పకుండా డ్యూటీ దిగి రావద్దు. దసరాకు ఇంటికి వచ్చే ముందు, తిరిగి వచ్చే రోజును క్యాలెండర్‌లో ఆ గిల్లే పాప చేతనే గీత గీయించు. ఆ పొద్దు బస్సు తప్పిందంటే, హోమ్‌కు ఫోన్ చేసి పాపతోనే మాట్లాడు.

మీ అమ్మ