జ్వాలాపురం బూడిదను కాపాడండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

ఉమ్మడి కర్నూలు జిల్లాలోని జ్వాలాపురంలో నేల తవ్వితే ఇండోనేషియాలోని సుమత్రా దీవి బూడిద బయటపడుతుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద ఇది! ఆ పొరకు కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే. అంతటి ఉత్పాతం తర్వాతా ఈ లోయలో మనుషులు నిలిచారని 2007లో పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాగ్లియా బృందం ప్రకటించింది.

అటువంటి బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వుకుపోతున్నారు. కూలీలు ఆ దుమ్మునే పీలుస్తున్నారు. తప్పు వారిది కాదు, వారికి మరో పని లేదు.

మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక అందరి ముందూ అడుగుతున్నాను. తవ్వకం ఆపించండి. కూలీలకు వేరే ఉపాధి చూపించండి. పొర స్పష్టంగా కనిపించే ఒక్క గట్టుకైనా కంచె వేయించి, తెలుగులో బోర్డు పెట్టించండి. ఈ నెలాఖరులోగా రాతపూర్వక సమాధానం కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, బనగానపల్లె