ఆ కోట్‌ను ఎవరు చదువుతారు?

చిట్టితల్లీ,

సర్వర్ మీది ఫోల్డర్లను తొలగించడానికి పైథాన్‌లో నువ్వు రాసిన స్క్రిప్టు చూశాను. ఒకే వరుసలో అన్ని బ్యాక్‌స్లాష్ (\) గుర్తులా! పనిచేసేదాకా ఒక్కొక్కటి చేర్చుకుంటూ పోయావని తెలుస్తూనే ఉంది. నెల తర్వాత అందులో ఏ కోట్ (కొటేషన్ గుర్తు) ఎక్కడ మూసుకుందో నీకే అర్థం కాదు.

కోట్‌ల జోలికి పోయే ముందు, ఆ వరుసను ఎవరెవరు చదువుతారో చూడు. మొదట పైథాన్ చదివి తన కోట్‌లు తీసేస్తుంది. మిగిలినదాన్ని షెల్, అంటే మనం టైపు చేసిన ఆదేశాలను నడిపే ప్రోగ్రాము, చదివి తనవి తీసేస్తుంది. వేరే కంప్యూటర్‌లో ఆదేశాలు నడిపించే ఎస్‌ఎస్‌హెచ్ అయితే నువ్విచ్చిన ముక్కలన్నిటినీ మధ్యలో ఖాళీలు పెట్టి కలిపి పంపుతుంది, అవతలి షెల్ దాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. ఇక్కడ నువ్వు పెట్టిన కోట్‌లు అప్పటికే ఊడిపోయి ఉంటాయి. "పాత ఫోటోలు" అనే ఫోల్డరు అక్కడ రెండు పేర్లుగా విడిపోయింది అందుకే.

సింగిల్ కోట్ (') మహా మొండిది. దాని లోపల డాలర్ గుర్తుకూ బ్యాక్‌స్లాష్‌కూ ఏ మహిమా ఉండదు. కాబట్టి లోపల ఇంకో సింగిల్ కోట్ పెట్టే దారే లేదు. మూసేసి, బయట బ్యాక్‌స్లాష్‌తో ఒకటి రాసి, మళ్లీ తెరవాలి. 'ముందు'\''వెనక' అని రాస్తే, మధ్యలో ఖాళీ లేదు కనుక షెల్ మూడు ముక్కలనూ అతికించి ముందు'వెనక అనే ఒక్క పదం చేస్తుంది. డబుల్ కోట్‌లలో అయితే డాలర్, బ్యాక్‌టిక్ (`), బ్యాక్‌స్లాష్ తమ పని చేస్తూనే ఉంటాయి.

అసలు నీకు మధ్యలో షెల్ ఎందుకు? పైథాన్ నుంచి వేరే ప్రోగ్రాములను నడిపే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌కు ఆదేశాన్ని స్ట్రింగుగా కాక లిస్టుగా ఇవ్వు, షెల్‌ను మధ్యలోకి పిలిచే 'షెల్=ట్రూ' (shell=True) తీసెయ్యి. ఫైలు పేరులో ఖాళీ ఉన్నా, కోట్ ఉన్నా, సెమికోలన్ ఉన్నా ఉన్నదున్నట్టు ప్రోగ్రాముకు చేరుతుంది. సెమికోలన్‌ను తేలిగ్గా తీసుకోకు. షెల్ దృష్టిలో అక్కడితో ఒక ఆదేశం ముగిసి ఇంకోటి మొదలవుతుంది. ఎవరో అప్‌లోడ్ చేసిన ఫైలు పేరులో దాని తర్వాత తొలగింపు ఆదేశం ఉంటే, ఇప్పుడున్న నీ స్క్రిప్టు దాన్ని ఎంతో శ్రద్ధగా అమలు చేస్తుంది! లిస్టు ఇచ్చినా, హైఫన్‌తో మొదలయ్యే పేరును ప్రోగ్రాము ఆప్షన్ అనుకోవచ్చు. పేర్లకు ముందు -- పెడితే చాలా ప్రోగ్రాములు ఊరుకుంటాయి.

ఎస్‌ఎస్‌హెచ్ దగ్గర మాత్రం షెల్ తప్పదు. అక్కడ చేత్తో కోట్‌లు కట్టకు. పైథాన్ 3.3 నుంచి షెలెక్స్ (shlex) మాడ్యూల్‌లో కోట్ (quote) అనే ఫంక్షన్ ఉంది, ప్రతి పేరునూ దానికిచ్చి, అది కోట్‌లు కట్టి ఇచ్చినదాన్ని తీసుకో. యూనిక్స్ తరహా షెల్‌లకే అది పనికొస్తుంది, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కు కాదు.

మార్చాక వెంటనే సర్వర్ మీద నడపకు. తొలగింపు ఆదేశం స్థానంలో, ఇచ్చినదాన్ని తెర మీద చూపే ప్రింట్ఎఫ్ (printf) పెట్టి, అందిన ప్రతి ముక్కనూ < > గుర్తుల మధ్య వేరే వరుసలో చూపించేలా చెయ్యి. "పాత ఫోటోలు" ఒకే వరుసలో కనబడితే నాకు పంపు.

ఉంటాను,
నాన్న