క్యాన్సర్ చికిత్స ఖర్చు తగ్గించిన పరిశోధకులనూ గుర్తించాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2025 అక్టోబరులో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు ప్రకటించినప్పుడు మన పత్రికలు ఆ వార్తను ప్రముఖంగానే ప్రచురించాయి. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేయకుండా అదుపు చేసే టి కణాల గురించిన ఆ పరిశోధన, క్యాన్సర్ గడ్డలు అవే కణాల చాటున ఎలా దాక్కుంటున్నాయో అర్థం చేసుకోవడానికీ పనికివస్తోంది. 2018లోనైతే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు ఇదే బహుమతి నేరుగా క్యాన్సర్ చికిత్సకే దక్కింది. ఈ గౌరవాలన్నీ సముచితమైనవే. అయితే అలా కనుగొన్న మందుల మోతాదును, ఖర్చును తగ్గించి, మామూలు కుటుంబాలకు కూడా అందేలా చేయవచ్చునని నిరూపించిన మన దేశపు వైద్యుల పరిశోధనలు మాత్రం ఒకపూట వార్తగా వచ్చి మరుగున పడిపోతున్నాయి. వాటికి దక్కవలసిన గుర్తింపు గురించే ఈ లేఖ.

క్యోటో విశ్వవిద్యాలయంలో హోంజో బృందం 1992లో వెల్లడించిన పీడీ-1 అనే ప్రొటీన్ రోగనిరోధక కణాలకు కళ్లెం వంటిది. క్యాన్సర్ కణం ఆ కళ్లెం పట్టుకొని వాటిని తన జోలికి రానివ్వకుండా చేస్తుంది. ఆ పట్టు విడిపించే మందులలో నివోలుమాబ్ ఒకటి. దీనికి 2014లో జపాన్‌లో మొదట అనుమతి లభించింది. రెండు వారాలకు ఒకసారి 240 మిల్లీగ్రాములు ఎక్కించడం దీని ప్రామాణిక మోతాదులలో ఒకటి. ఆ లెక్కన నెలల తరబడి ఈ చికిత్స చేయించుకోగల కుటుంబాలు మన దేశంలో ఎన్ని ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ విజయ్ పాటిల్, డాక్టర్ కుమార్ ప్రభాష్‌ల బృందం మూడు వారాలకు ఒకసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూసింది. ఆరు వారాలకు 720 మిల్లీగ్రాములు పట్టే చోట 40తో సరిపెట్టారన్నమాట. తల, మెడ భాగాల క్యాన్సర్ ముదిరిపోయి, పూర్తిగా నయం చేసే అవకాశం దాటిపోయిన 151 మందిని రెండు వర్గాలుగా విభజించి, అందరికీ చవకైన నోటి మందులు ఇస్తూ, ఒక వర్గానికి మాత్రం ఈ కొద్దిపాటి నివోలుమాబ్‌ను జతచేశారు. ఏడాది గడిచేసరికి నోటి మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 16 మంది, రెండూ వాడినవారిలో నూటికి 43 మంది జీవించి ఉన్నారు. ఈ ఫలితాలు 2022లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వెలువడ్డాయి.

ఈ పరిశోధనలో మన తెలుగువారికి సంబంధించిన సంగతి ఒకటుంది. రెండు వర్గాలకూ ఇచ్చిన మూడు నోటి మందులలో ఒకటి మెథోట్రెక్సేట్, అంటే కీళ్లవాతం ఉన్నవారు వారానికి ఒకసారి వేసుకొనే చిన్న మాత్ర. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనా విభాగానికి నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలోనే అది రూపుదిద్దుకుంది. దానికంటే ముందు అక్కడి నుంచే వచ్చిన ఎమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఫార్బర్ పేరు బోస్టన్‌లోని ప్రసిద్ధ క్యాన్సర్ సంస్థకు నిలిచింది. మన సుబ్బారావు గారికి 1995లో, శతజయంతి సంవత్సరంలో, ఒక తపాలా బిళ్ల వచ్చింది. మనవాడన్న మమకారంతోనే ఈ మాట ఎత్తడం లేదు, అది కొంత ఉన్నా తప్పులేదు. ఆయన కాలపు మందు, నోబెల్ పొందిన పరిశోధన నుంచి పుట్టిన మందు, రెండూ కలిసి నేడు తక్కువ ఖర్చుతో ఒక రోగి ఆయుష్షును పెంచుతున్నాయంటే, వాటిని అలా కలిపిన వైద్యుల పేర్లు కూడా మన పిల్లలకు తెలియాలి కదా.

తల, మెడ క్యాన్సర్లు మనకు దూరపు సమస్య కావు. గుట్కా, ఖైనీ, జర్దా నమిలేవారి నోటి క్యాన్సర్లు రెండు రాష్ట్రాలలోనూ ఉన్నవే. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాలలో పెద్ద వయసు స్త్రీలు చుట్ట నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటు, దాని వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ వైద్య గ్రంథాలకెక్కి దశాబ్దాలు గడిచాయి. నోరు తెరవడానికే కష్టపడే దశలో ఆసుపత్రికి వచ్చే ఇటువంటి రోగికి, పూర్తి మోతాదుకు డబ్బు లేదన్న కారణంతో ఆ మందును అసలే ఇవ్వకుండా పంపించడానికీ, పరీక్షించి చూసిన తక్కువ మోతాదు ఇవ్వడానికీ మధ్య తేడా చాలా ఉంది.

రెండవ ఉదాహరణ ఇంకా చవకైనది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో గడ్డను తొలగించడానికి కొద్ది నిమిషాల ముందు, దాని చుట్టూ లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇస్తే ఏమవుతుందో టాటా మెమోరియల్‌కు చెందిన డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం పరిశీలించింది. పన్ను పీకేముందు చిగురుకు ఇచ్చే మత్తుమందు ఇదే. కత్తి తగిలినప్పుడు చెదరిన క్యాన్సర్ కణాలు రక్తంలో కలిసి వేరే చోట పాతుకోకుండా ఇది అడ్డుపడగలదన్నది వారి ఆలోచన. దేశంలోని పలు ఆసుపత్రులలో, తొలి దశలో ఉన్న దాదాపు 1,600 మంది స్త్రీలపై జరిగిన ఈ పరిశోధన ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. ఐదేళ్ల తరువాత జీవించి ఉన్నవారు ఇంజెక్షన్ లేని వర్గంలో 86.4 శాతం, ఇంజెక్షన్ తీసుకున్న వర్గంలో 90.1 శాతం. అంటే నూటికి దాదాపు నలుగురు అదనంగా బతికారు. అందుకు అయిన మందు ఖర్చు ఒక శస్త్రచికిత్స బిల్లులో కంటికి ఆనదు. పేటెంటు ఎన్నడో తీరిపోయిన మందు కాబట్టి, దీనిని ప్రచారం చేసి లాభపడే కంపెనీ ఏదీ లేదు. అందుకే ప్రచారం చేయవలసిన బాధ్యత ప్రభుత్వాల మీదా, పత్రికల మీదా పడుతోంది.

మన దేశంలో జరిగే క్యాన్సర్ పరిశోధనకు గుర్తింపు అసలే రాదని నేననడం లేదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదకు పంపే కార్-టి కణ చికిత్సను 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి స్వయంగా ప్రారంభించారు. విదేశీ ధరతో పోలిస్తే అది చాలా తక్కువే అయినా, ఇంకా లక్షల్లోనే ఉంది. డాక్టర్ బడ్వేకు 2013లోనే పద్మశ్రీ వచ్చింది. కానీ ఒక వ్యక్తికి పతకం ఇవ్వడం వేరు, ఆయన పని ఫలితాన్ని జిల్లా ఆసుపత్రి శస్త్రచికిత్స బల్ల దాకా తీసుకురావడం వేరు.

ఈ పరిశోధనలకు పరిమితులు లేకపోలేదు. నివోలుమాబ్ తక్కువ మోతాదును ఆ పరిశోధనలో పూర్తి మోతాదుతో పోల్చలేదు, అసలు ఆ మందు లేకపోవడంతో పోల్చారు. కాబట్టి రెండూ సమానమని దానిని బట్టి చెప్పలేము. లిగ్నోకైన్ ఫలితం తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కు మాత్రమే వర్తిస్తుంది. ఏ రోగికి ఏది తగునో నిర్ణయించవలసింది వైద్యులే. ఈ సంగతులేవీ చెప్పకుండా ‘క్యాన్సర్‌కు మందు దొరికింది’ అని శీర్షిక పెడితే, చదివినవారు నడుస్తున్న చికిత్సను మధ్యలో మానేసి దాని కోసం వెతుక్కొనే ప్రమాదం ఉంది. ఏ క్యాన్సర్, ఏ దశ, ఎంతమంది మీద పరీక్షించారు, ఎంతకాలం మేలు కనిపించింది, ఎంత ఖర్చు అన్న ఐదు వివరాలు లేకుండా ఏ క్యాన్సర్ వార్తనూ ప్రచురించరాదన్న నియమాన్ని మీ పత్రిక పెట్టుకోవాలని కోరుతున్నాను.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు మీ ద్వారా చేసే విన్నపం ఇది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల కింద క్యాన్సర్ చికిత్స పొందేవారికి ఈ రెండు పద్ధతులు అందుబాటులో ఉన్నదీ లేనిదీ బహిరంగంగా ప్రకటించాలి. లేకపోతే హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రుల నిపుణులతో ఒక సంఘం వేసి, నిర్ణీత గడువులోగా అభిప్రాయం తీసుకోవాలి; వద్దనుకుంటే ఎందుకు వద్దో కారణాలతో సహా చెప్పాలి. అలాగే క్యాన్సర్ చికిత్స ఖర్చును రుజువులతో తగ్గించి చూపిన పరిశోధక బృందానికి ఏటా సుబ్బారావు గారి పుట్టినరోజైన జనవరి 12న ఒక పురస్కారం ఇస్తే బాగుంటుంది. అందులో వైద్యులతో పాటు గణాంక నిపుణులు, నర్సులు, రోగుల వివరాలను ఏళ్ల తరబడి నమోదు చేసిన సిబ్బంది పేర్లు కూడా ఉండాలి. ఐదేళ్ల ఫలితం చెప్పగలగాలంటే ప్రతి రోగినీ ఐదేళ్లు విడవకుండా ఫోన్ చేసి పలకరించినవారు ఎవరో ఒకరు ఉండి తీరాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
కాకినాడ