విద్వాంసుడి వివరాలు ఇంటివాళ్లను అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. చిత్తూరులో నాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. మా నాయన పెట్టిన ట్రెడిల్ మిషను రోజుల నుంచి ఇప్పటి డీటీపీ దాకా మా దగ్గర ఎక్కువగా అచ్చయ్యేవి పెళ్లి పత్రికలు, తిరునాళ్ల కరపత్రాలు, కచేరీల ఆహ్వానాలు, సన్మాన పత్రాలు. పనిలో పడి కచేరీకి పోవడం ఎప్పుడోగానీ కుదరదు. అయినా మా వైపు ఎవరు ఎవరి శిష్యుడో, ఎవరి నాదస్వరానికి ఎవరు డోలు వాయించారో చాలామంది శ్రోతల కంటే నాకే ఎక్కువ తెలుసు. ఆ పేర్లన్నీ ఒక్కో అక్షరం ఏరి పేర్చినవాణ్ణి.

ఈ మధ్య పెనుమూరు వైపు ఒక నాదస్వర విద్వాంసుడు కాలం చేశారు. పేరు రాయడం లేదు, ఆ ఇంటివాళ్లు ఇప్పటికే నొచ్చుకుని ఉన్నారు. మర్నాడు మీ పత్రికతో సహా రెండు మూడింటిలో వార్త వచ్చింది. ఆయన తంజావూరు దగ్గర పుట్టారట, అక్కడి ఒక పెద్దాయన దగ్గర గురుకులవాసం చేశారట, ఫలానా బిరుదు అందుకున్నారట. నిజానికి ఆయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. విద్య నేర్పింది సొంత మేనమామ. వార్తలో వచ్చిన ఊరు, గురువు, బిరుదు అన్నీ అదే పేరున్న ఇంకొక విద్వాంసుడివి. ఎవరైనా రాసి, ఎవరైనా దిద్దగలిగే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఎవరో ఈ ఇద్దరినీ ఒకే పేజీలో కలిపేశారు. విలేఖరులు ఆ పేజీ చూసి రాసేశారు. అన్ని పత్రికల్లో వాక్యాలు ఒకే వరుసలో ఉండడం చూస్తే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఉత్తరక్రియల కార్డు కొట్టించడానికి ఆ మేనమామ కొడుకే ప్రెస్సుకు వచ్చాడు. చంకలో మీ పేపరు. "ఏందన్నా ఇది? చిన్నప్పటి నుంచి ఇంట్లో పెట్టుకొని, అన్నం పెట్టి నేర్పిచ్చినాడు మా నాయన. ఆయన పేరే లేకుండా పాయ కదన్నా" అన్నాడు. నేనేం చెప్పగలను?

బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనబడొచ్చు. సినిమా హీరో పుట్టినరోజు ఒకరోజు అటూ ఇటూ అయితే ఆయనకు పోయేదేమీ లేదు, అభిమానులే గోల చేసి దిద్దించుకుంటారు. మేళం వాయించేవాళ్ల సంగతి అది కాదు. ఆ మేనమామ రికార్డులిచ్చినవాడు కాదు, రేడియోలో వాయించినవాడూ కాదు. గుడి ఉత్సవాలకు, పెళ్లిళ్లకు వాయించి, మేనల్లుడికి ఆ విద్య ఇచ్చి పోయాడు. ఆయనకంటూ మిగిలిందల్లా శిష్యుడి పేరు ముందు తన పేరు చెప్పుకోవడం ఒక్కటే. మీ వార్తతో అదీ పోయింది.

మా దగ్గర డీటీపీ చేసే కుర్రాడికి ఇలాంటివి తెలుసు కాబట్టి పేజీ తెరిచి గురువు పేరు మార్చాడు. సాయంత్రానికల్లా మళ్లీ పాతదే వచ్చి కూర్చుంది. ఆధారం చూపలేదు గనుక తీసేశామని కారణం రాశారు. మేనమామ కొడుకు మాటకన్నా ఆధారం ఏముంటుందని మావాడికి కోపం. నాకు మాత్రం ఆ నియమం సబబుగానే అనిపించింది. మా తాత అంతటివాడు, మా గురువు ఇంతటివాడు అని ఎవరొచ్చి చెబితే అది రాసుకుంటూ పోతే దానికి అంతు ఉండదు. సన్మాన పత్రాలు కొట్టేవాణ్ణి, బిరుదులు ఎలా పుడతాయో నాకు తెలియదా! ఒక ఏడాది 'విద్వాన్' అని కొట్టించినాయన మరుసటి ఏడాది 'నాదబ్రహ్మ' అని కొట్టించుకున్నాడు. మధ్యలో ఆయనకు ఆ బిరుదు ఎవరిచ్చారని అడిగితే, "నువ్వు కొట్టు సామీ" అన్నాడు.

సరే, అచ్చయిన ఆధారమే కదా కావాలి, మా అటక మీద కట్టలు కట్టలుగా ఉన్నాయి. ప్రతి పనికీ ఒక ప్రతి దాచిపెట్టడం మా నాయన అలవాటు. వెతికితే ఒక కరపత్రం దొరికింది. గులాబి రంగు పల్చటి కాగితం, అంచులు చెదలు తిన్నాయి, పైన వినాయకుడి బ్లాకు సగమే పడింది. ఆయన పేరు కింద మేనమామ పేరు వేసి 'గారి మేనల్లుడు, శిష్యుడు' అని ఉంది. కింద డోలు ఎవరు, శ్రుతి ఎవరు, తాళం ఎవరు, అన్నీ ఉన్నాయి. చివరి వరుసలో మా ప్రెస్సు పేరు. మా కుర్రాడు దాన్ని ఫోటో తీసి పెడదామని ఆ పేజీ మళ్లీ తెరిచేసరికి తంజావూరు గురువు పేరు పక్కన కొత్తగా ఆధారం చూపించే అంకె ఒకటి కనబడింది. నొక్కితే మీ వార్త వచ్చింది.

నేను ఈ ఉత్తరం రాసింది దీనికోసమే. వాళ్ల దగ్గర ఆ మాటకు మొన్నటిదాకా ఏ ఆధారమూ లేదు. మీరు అక్కడ చూసి రాశారు. ఇప్పుడు వాళ్లు మిమ్మల్ని చూపిస్తున్నారు. చెదలు తిన్న గులాబి కాగితం ఒకవైపు, జిల్లా అంతా చదివే దినపత్రిక ఇంకొకవైపు ఉంటే ఎక్కడో కూర్చుని దిద్దేవాళ్లు దేన్ని నమ్ముతారో వేరే చెప్పాలా?

ఇది మన దగ్గరే జరిగిందని అనడం లేదు. 2007లో బ్రిటన్‌లో రోనీ హేజిల్‌హర్స్ట్ అనే సంగీత దర్శకుడు పోయారు. బీబీసీ హాస్య ధారావాహికలకు సంగీతం కట్టిన పెద్దాయన. ఆయన ఎస్ క్లబ్ 7 అనే కుర్రకారు బృందానికి ఒక పాప్ పాట కూడా రాశారని వికీపీడియాలో ఎవరో చేర్చారు. పేరున్న పత్రికలు చాలా ఆ ముక్కను నివాళి వార్తల్లో వేసేశాయి. ఆ పాట రాసింది వేరేవాళ్లు. తర్వాత సవరణలు వేసుకున్నారు.

2009 మార్చిలో మారిస్ జార్ పోయినప్పుడు జరిగింది ఇంకా చిత్రం. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'కు సంగీతం ఇచ్చి, మొత్తం మూడు ఆస్కార్లు అందుకున్న ఫ్రెంచి సంగీత దర్శకుడాయన. డబ్లిన్‌లో చదువుకునే ఒక విద్యార్థి, పత్రికలు సరిచూసుకుంటాయో లేదో తేల్చుకుందామని, ఆయన అన్నట్టుగా ఒక మాట సొంతంగా అల్లి వికీపీడియా పేజీలో పెట్టాడు. అక్కడి వాళ్లు ఆధారం లేదని తీసేశారు. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీసేశారు. ఈలోపే గార్డియన్‌తో సహా చాలా పత్రికలు దాన్ని ఎత్తి వేసేసుకున్నాయి. కొన్ని వారాల తర్వాత ఆ కుర్రాడే స్వయంగా చెప్పుకునేదాకా పత్రికల్లో ఎవరికీ తెలియలేదు. జీతం లేకుండా పనిచేసే వికీపీడియా వాళ్లు పట్టుకున్న తప్పును జీతాలు తీసుకునే సబ్‌ఎడిటర్లు పట్టుకోలేకపోయారు. తెలుగులోనూ 2003 నుంచి వికీపీడియా ఉంది, తీరిక చేసుకుని రాస్తున్న వాళ్లున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నా ఫిర్యాదు మీ మీదే.

మా జిల్లా విషయంలో మీరు ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్త పడాలి. ఇక్కడ ఊరిపేరు చూసి ఏదీ తేల్చలేం. చిత్తూరు నాగయ్య గారు పుట్టింది రేపల్లెలో. ఇక్కడి రామవిలాస సభ నాటకాలతో పేరొచ్చి మా ఊరు ఆయనకు ఇంటిపేరులా అతుక్కుంది. 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లె గారు 1898లో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు, అది 1911లో వచ్చింది. అంతకుముందు ఈ ఊరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. పాత కాగితాల్లో ఉత్తర ఆర్కాటు అని కనబడగానే తమిళనాడు అని రాసేస్తే మనవాళ్లు ఎంతమంది పరాయివాళ్లయిపోతారు? 1960లో తిరుత్తణి అటు పోయింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. ఒకాయన్ను తమిళుడని ఒకరు, తెలుగువాడని ఒకరు ఆన్‌లైన్‌లో మార్చుకుంటూ ఉంటే, మీ విలేఖరి ఫోన్ తెరిచిన నిమిషానికి అక్కడ ఏది ఉందో అదే మర్నాడు వార్త.

తిరుపతి వాళ్లకు ఇంకో బాధ ఉంది. తాళ్లపాక వారి, అంటే అన్నమయ్య ఇంటివాళ్ల, రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. మనం ఈరోజు పాడుకునే అన్నమయ్య పాటల వరుసల్లో, అంటే బాణీల్లో, చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గార్ల వంటివాళ్లు గత శతాబ్దంలో కట్టినవి. 'వినరో భాగ్యము విష్ణుకథ' అని ప్రతి ఇంట్లో పాడుకుంటారు. ఆ వరుస బాలకృష్ణప్రసాద్ గారిది. ఆయన మన మధ్యే తిరుపతిలో ఉండి, 2025 మార్చిలో పోయారు. అయినా ఇంటర్నెట్‌లో పాటల జాబితాలు చూడండి, చాలాచోట్ల వరుస కట్టిన వాళ్ల పేరే ఉండదు. ఆరు వందలకు పైగా పాటలకు వరుసలు కట్టిన మనిషికే ఈ గతి పడితే పెనుమూరు మేనమామను ఎవరు తలుస్తారు?

మీరేం చేయాలో చెప్పేంతటివాణ్ణి కాను గానీ, నా పనిలో ఒక పద్ధతి ఉంది. కరపత్రం కంపోజు చేశాక ప్రూఫు తీసి విద్వాంసుడికే ఇచ్చేవాళ్లం. రాలేకపోతే ఇంటివాళ్లకు పంపేవాళ్లం. ఆయన బెంచీ మీద కూర్చుని, టీ తాగుతూ, గురువు పేరు దగ్గర వేలు పెట్టి చదివి, కింద సంతకం పెట్టాకే మిషను ఎక్కేది. ఆ సంతకాలున్న ప్రూఫులు కూడా కొన్ని అటక మీద ఉన్నాయి. మీ విలేఖరులకు చావు వార్త రాత్రి తొమ్మిదికి తెలుస్తుంది, పదికి పేజీ పోవాలి, ఆ టెన్షన్ నాకు తెలుసు. అయినా ఒక్క ఫోన్ చేయలేనంత తొందర ఉండదు. ఫోన్ కుదరకపోతే ఆ రాత్రికి "ప్రముఖ నాదస్వర విద్వాంసుడు కన్నుమూత" అని నాలుగు వరుసలే వేయండి. గురువెవరో, బిరుదేమిటో మర్నాడు అడిగి రాయొచ్చు. ఆ ఆన్‌లైన్ పేజీనే చూడక తప్పదంటే, పైన చరిత్ర అని ఉంటుంది, అది నొక్కి చూడండి. ఏ వాక్యం ఎవరు ఎప్పుడు చేర్చారో అందులో తెలుస్తుంది. నిన్నగాక మొన్న పేరులేని ఖాతా నుంచి చేరిన మాటైతే ఆ ముక్క వదిలేయండి.

సవరణ సంగతి కూడా. మీరు లోపలి పేజీలో ఓ మూల రెండు వరుసలు వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆ విజ్ఞాన సర్వస్వంలో ఆధారంగా పెట్టింది మీ వెబ్‌సైట్‌లో ఉన్న వార్త లింకు. అందులో గురువు పేరు, పుట్టిన ఊరు సరిచేసి, ఫలానా తేదీన సవరించామని దాని కిందే రాయండి. అప్పుడు మా కుర్రాడు మీ వార్తనే చూపించి పేజీ దిద్దగలడు. పాత కరపత్రం, ప్రూఫు రెండూ మీ విలేఖరికి చూపిస్తాను, అక్కడే ఫోటో తీసుకోవచ్చు, కాగితాలు మాత్రం బయటికి ఇవ్వను. మేనమామ కొడుకును కూడా పిలిపిస్తాను. ఆదివారం ప్రెస్సు ఉండదు, మిగతా రోజుల్లో ఉదయం పది దాటాక ఎప్పుడైనా రావచ్చు.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని,
చిత్తూరు