మా నాన్న కోసం వచ్చిన అందరికీ

నాన్న పెద్దకర్మ మొన్న ఆదివారంతో అయిపోయింది. టెంట్ హౌస్ వాళ్లు కుర్చీలు తీసుకెళ్లారు. ఈ రెండు నెలల్లో మా కోసం ఎవరెవరు వచ్చారో రాసుకుందామని కూర్చుంటే లెక్క తేలడం లేదు. అందుకే అందరికీ ఇక్కడే చెప్పుకుంటున్నా.

నాన్నకు పక్షవాతం వచ్చిన రాత్రి నేను బెంగళూరులో ఉన్నా. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోందని అమ్మ నాకు ఫోన్ చేసేలోపే పక్కింటి చాచా 108కి ఫోన్ కొట్టేశారు. నేను అనంతపురం దాటేసరికే నాన్నకు కర్నూలు పెద్దాసుపత్రిలో స్కానింగ్ అయిపోయింది. చాచా, ఆ కంగారులో కూడా మీరు టైం చూసి చీటీ మీద రాసుకున్నారు చూడండి, డాక్టరు గారు మొదట అడిగింది అదే. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఎప్పుడు మొదలైందన్న దాన్ని బట్టే ఉంటుందట, నాలుగున్నర గంటలు దాటితే ఇవ్వరట. 'మీ నాయన నేర్పిందేలే బేటీ' అన్నారు మీరు. నిజమే, వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ఏ పూట మొదలైందో రాసి పెట్టమనేవారు నాన్న.

చాలామంది అనుకున్నట్టు నాన్న డాక్టరు కాదు. ఆరోగ్య శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా రిటైరయ్యారు. జీతాల బిల్లులు, బదిలీ ఫైళ్లు, పీహెచ్‌సీలకు మందుల ఇండెంట్లు, వ్యాక్సిన్ లెక్కలు ఆయన పని. వ్యాక్సిన్లు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. ఆ పిచ్చి ఇంటికీ వచ్చింది. మా ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన ఇప్పటికీ ఒక థర్మామీటరు ఉంది. కుళాయి నీళ్లలో మందు చుక్కలు వేసి పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉందని, లేకపోతే ఎవరికో ఫోన్ చేసి పోట్లాడేవారు. అమ్మ స్కూలు టీచరు కాబట్టి ఆదివారం ఆమెకు సెలవివ్వాలని ఉగ్గాని, బజ్జీలు తనే చేసేవారు. బజ్జీలు ఎప్పుడూ మాడేవి, మేమెవరం చెప్పేవాళ్లం కాదు. పల్స్ పోలియో ఆదివారాల్లో మాత్రం మాకు చద్దన్నమే.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికొచ్చినప్పుడు నేను ఇంటర్. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ కరెంటు లేదు, నాన్న లేరు. మూడో రోజు బురద కాళ్లతో వచ్చి, రెండు ముద్దలు తిని, బ్లీచింగ్ పౌడరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచాలని మళ్లీ పాతబస్తీకి వెళ్లిపోయారు. నేను ఆయనతో వారం మాట్లాడలేదు. ఆ కోపం నాకు చాలా ఏళ్లు ఉంది.

అది పోయింది ఈ మధ్యే, ఆసుపత్రి వరండాలో. ఆదోని నుంచి, ఆలూరు నుంచి, పత్తికొండ నుంచి రిటైరైన ఏఎన్ఎం అమ్మలు బస్సుల్లో వచ్చి, వంతులేసుకుని నాన్న దగ్గర కూర్చున్నారు. ఆయన్ను పక్కకు తిప్పడం, పుండ్లు పడకుండా వీపు తుడవడం అమ్మకు నేర్పింది వాళ్లే. మీకెందుకమ్మా ఇంత శ్రమ అంటే ఒకామె చెప్పింది. ఆమె సర్వీసు రిజిస్టర్లో ఎవరో ఒక ఎంట్రీ తప్పు రాశారట. ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. నాన్న ఆ రిజిస్టరు ఇంటికి తెచ్చుకుని (రూల్ ప్రకారం తప్పే) రెండు రాత్రులు కూర్చుని పాత బిల్లులతో సరిచూసి ఫైలు పెట్టారట. 'ఆ బకాయి డబ్బులతోనే మా పాప బీఎస్సీ నర్సింగు చదివింది' అంది. ఇంట్లో మాకు ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. ఆ రెండు రాత్రులూ ఆయన పుస్తకాల కట్ట ముందేసుకుని కూర్చుంటే లైటు ఆపమని విసుక్కున్నది నేనే అయ్యుంటా.

డిశ్చార్జి అయ్యి నెల కూడా కాలేదు, తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. బీరువా తలుపు లోపలివైపు ఆయన అంటించిన కాగితం ఉందని అమ్మకే గుర్తొచ్చింది. పైన 'నేను పోయిన వెంటనే' అని, కింద ఆయన గుండ్రటి అక్షరాలు: ఫ్యాన్ ఆపండి. రెప్పలు మూసి తడి దూది పెట్టండి. తల కింద దిండు ఎత్తుగా పెట్టండి. ఆరు గంటల లోపు ఐ బ్యాంకుకు చెప్పండి. చివర ఫోన్ నంబరు, దాని కింద గీత. ఆఫీసు నోటు ఫైలే అనుకోండి.

చిన్నాయన మొదట ఒప్పుకోలేదు. కళ్లు లేకుండా ఎలా పంపుతాం అన్నారు. 'కళ్లజోడు కూడా లేకుండానే కదా పంపేది' అంది అమ్మ. షుగరు ఉన్నవాళ్లవి తీసుకోరేమో అని నాకు టెన్షన్. పర్వాలేదని, తీసేది కార్నియా మాత్రమేనని ఐ బ్యాంకు నుంచి వచ్చిన తమ్ముడు చిన్నాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పాడు. అరగంట కూడా పట్టలేదు. తర్వాత నాన్న ముఖం చూసి, 'అట్లే ఉన్నాడు' అన్నారు చిన్నాయన. తమ్ముడూ, అంత పొద్దున్నే వచ్చి, టీ కూడా తాగకుండా ఐస్ పెట్టె పట్టుకుని పరిగెత్తావు. నీకు మేం ఒక టీ బాకీ.

108లో వచ్చిన ఇద్దరికీ, వార్డు సిస్టర్లకు, ఇంటికొచ్చి నాన్న చెయ్యి ఆడించిన ఫిజియోథెరపిస్టుకు, అమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలన్నీ ట్యాగు కట్టి తెచ్చిచ్చిన నాన్న ఆఫీసు సార్‌కు దండాలు.

ఒక చిన్న సంగతి. వీధిలోవాళ్లు పదకొండు రోజులూ మాకు పొయ్యి వెలిగించే పని లేకుండా అన్నం పంపారు. మూడు స్టీలు క్యారియర్లు, ఒక నీలం మూత ప్లాస్కు మా దగ్గరే ఉండిపోయాయి. ఎవరివో తెలియడం లేదు, వచ్చి తీసుకెళ్లండి. ఖాళీవి ఇవ్వకూడదని అమ్మ రేపు ఉగ్గానికి బొరుగులు తెప్పిస్తోంది.